చాటింపూ వద్దు, దాపరికమూ వద్దు

ఏదో తేడా కనిపించింది. సొసైటీ లెక్కల్లో ఒక అంకె పొసగడం లేదు. పదో తరగతి చదివే పిల్లాడు వారం నుంచీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక స్తంభానికి బీట కనిపిస్తోంది. ఇప్పుడేం చేస్తారు?

ఇలాంటి సమయానికి మన పెద్దలు రెండు సామెతలు చేతిలో పెట్టి వెళ్లారు. నిదానమే ప్రధానం అని ఒకటి, ఆలస్యం అమృతం విషం అని ఇంకొకటి. ఈ రెంటికీ పడదు. అందుకే మనలో కొందరు మొదటిదాన్ని అడ్డం పెట్టుకుని నోరు మెదపరు. ఇంకొందరు రెండోదాన్ని పట్టుకుని నిమిషంలో నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తారు. మొదటి రకం మనిషికి ‘నాకు అప్పుడే అనుమానం వచ్చింది’ అనడం తప్ప ఏమీ మిగలదు. రెండో రకం మనిషి నాలుగోసారి నిజమే చెప్పినా ‘నాన్నా పులి’ కథే అవుతుంది.

ఈ రెండు సామెతల్నీ ఒకే రాత్రి, ఒకే గంటలో పాటించేవాళ్లు కొందరున్నారు. పగలు ఉద్యోగాలో దుకాణాలో చూసుకుని, రాత్రయ్యేసరికి మేడెక్కి టెలిస్కోపు తిప్పే ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు వాళ్లు. జీతం లేదు, బాసు లేడు. వాళ్ల వేటంతా సూపర్‌నోవాల కోసం.

సూపర్‌నోవా అంటే నక్షత్రం పేలిపోవడం. సూర్యుడికన్నా ఎన్నో రెట్లు బరువున్న నక్షత్రం ఇంధనం అయిపోయి తనలోకి తానే కూలిపోతే ఒక రకం. తోడు నక్షత్రం నుంచి పదార్థం లాక్కుని తట్టుకోలేక పేలిపోయే తెల్ల మరుగుజ్జు నక్షత్రం ఇంకో రకం. ఏ రకమైనా సరే, కొన్ని వారాలపాటు ఆ ఒక్క చుక్క వేల కోట్ల నక్షత్రాలున్న తన గెలాక్సీతో పోటీపడి వెలుగుతుంది. ఒక గెలాక్సీలో ఇలాంటివి నూరేళ్లకు ఒకటో రెండో జరుగుతాయి. మన పాలపుంతలో జనం ఉత్త కంటితో చూసిన చివరిది 1604 నాటిది. కాబట్టి ఒక్క గెలాక్సీని నమ్ముకుని కూర్చుంటే జీవితం సరిపోదు. వందల గెలాక్సీలను రాత్రుల తరబడి చూస్తూ పోవాలి. ఎప్పుడో ఒకనాడు, ఎక్కడో ఒకచోట, నిన్న లేని చుక్క ఇవాళ ఉంటుంది. అప్పుడు వాళ్లేం చేస్తారన్నది మనం నేర్చుకోవాల్సిన విషయం.

తాళాలు బాగుచేసే మనిషి

2016 సెప్టెంబరు 20 రాత్రి. అర్జెంటీనాలోని రొసారియో నగరం. విక్టర్ బూసో వృత్తి తాళాలు బాగుచేయడం. ఆ రాత్రి ఆయన తన 40 సెంటీమీటర్ల టెలిస్కోపుకి కొత్త కెమెరా బిగించి, ఎలా పనిచేస్తుందో చూద్దామని నడినెత్తిన ఉన్న ఎన్‌జీసీ 613 అనే గెలాక్సీ వైపు తిప్పారు. అది ఎనిమిది కోట్ల కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉంది. నగరంలో వీధిదీపాల వెలుగుకి ఫొటో తెల్లగా పాలిపోతుంది కాబట్టి, ఒక్కోటీ 20 సెకన్ల చొప్పున చిన్న చిన్న ఫొటోలు వరసపెట్టి తీశారు. మొదటి 20 నిమిషాల్లో తీసినవాటిలో విశేషమేమీ లేదు. ముప్పావు గంట విరామమిచ్చి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి గెలాక్సీ శివార్లలో చిన్న చుక్క ఉంది. తర్వాతి ఫొటోల్లో అది ఇంకాస్త వెలిగింది. ఆ తర్వాతివాటిలో మరికాస్త.

కెమెరా కొత్తది. ఏదో మచ్చలే అనుకుని పడుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ‘దొరికింది’ అని లోకమంతా చాటింపు వేసినా ఆపేవారు లేరు. ఆయన ఆ రెండూ చేయలేదు. ఫొటోలు తీయడం ఆపకుండానే, అదే గెలాక్సీకి పాత ఫొటోలు వెతికి పోల్చుకున్నారు. తనలాంటి మరో ఔత్సాహికుణ్ణి సంప్రదించారు. ఇద్దరూ కలిసి సమాచారాన్ని ప్రపంచానికి అందించారు. ఆ వెంటనే నేల మీది పెద్ద టెలిస్కోపులు, అంతరిక్షంలోని స్విఫ్ట్ ఉపగ్రహం అటు తిరిగాయి. నక్షత్రం గర్భంలో పుట్టిన విస్ఫోటన తరంగం పైపొరను చీల్చుకుని బయటపడే తొలి ఘడియలు ఆయన ఫొటోల్లో ఉన్నాయని తేలింది. 2018 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన పత్రం రచయితల్లో ఆయన పేరూ ఉంది. ఆ చుక్క ఇప్పుడు ఎస్ఎన్ 2016జీకేజీ.

అదృష్టం అంటారా? ముమ్మాటికీ అదృష్టమే. అలాంటి క్షణం అనుకోకుండా దొరకడం కోటిలో ఒకటో, పది కోట్లలో ఒకటో అని ఖగోళ శాస్త్రవేత్తలే లెక్కగట్టారు. నాకు మాత్రం ఈ కథలో అన్నిటికన్నా విలువైనవిగా తోచేది చుక్క ఉన్న ఫొటోలు కాదు, లేని ఫొటోలు. మొదటి 20 నిమిషాల ఖాళీ ఫొటోలే లేకపోతే పేలుడు ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్పగలరు? ‘ఏం లేదులే’ అని వాటిని చెరిపేసి ఉంటే కథలో సగం పోయేది.

మనం సాధారణంగా గొడవ మొదలయ్యాక సాక్ష్యాలు పోగుచేస్తాం. అద్దె ఇంట్లోంచి ఖాళీ చేసే రోజున గోడ మీది మరక ఎవరిదని వాదించుకుంటాం. దిగిన రోజున నాలుగు ఫొటోలు తీసుకోవాలని తోచదు. ఆరోగ్యం బాగున్నప్పుడు బీపీ ఎంతో రాసుకున్నవాళ్లు ఎంతమంది? అంతా బాగున్న రోజు ఎలా ఉంటుందో తెలిసినవాడికే తేడా వచ్చిన రోజు తేడా తెలుస్తుంది.

ఆ గంటలో ఏం జరుగుతుంది

కాస్త దగ్గరగా చూద్దాం. కంప్యూటర్ తెర మీద గెలాక్సీ ఫొటో. మధ్యలో తెల్లని గుండ్రం, చుట్టూ మసకబారిన రెక్కలు. ఒక రెక్క పక్కన సన్నని చుక్క. పాత ఫొటోలో ఆ చోట ఏమీ లేదు.

అనుభవమున్న పరిశీలకుడు ముందు తన సామాను మీదే అనుమానపడతాడు. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణం కెమెరా చిప్‌కి తగిలితే అచ్చం నక్షత్రంలాగే చుక్క పడుతుంది. అయితే అది ఒక్క ఫొటోలోనే ఉంటుంది. అందుకని రెండో ఫొటో, మూడో ఫొటో తీస్తాడు. మరి చిప్‌లో పిక్సెలే చెడిపోయి ఉంటే? అప్పుడు అన్ని ఫొటోల్లోనూ కనిపిస్తుంది. దానికొక చిట్కా ఉంది. టెలిస్కోపును రవ్వంత పక్కకి జరిపి మళ్లీ ఫొటో తీస్తారు. ఫొటోలో నక్షత్రాలన్నీ పక్కకి జరుగుతాయి. చుక్క కూడా వాటితోపాటు జరిగితే అది ఆకాశంలో ఉన్నట్టు. జరగకుండా ఉన్నచోటే ఉంటే లోపం కెమెరాలో ఉన్నట్టు.

మనుషుల మధ్య వచ్చే పేచీలకు ఇంతకు మించి పనికొచ్చే పరీక్ష నాకు తెలియదు. కొత్త మేనేజరు మీతో ముభావంగా ఉంటున్నాడు. మీకు ఒళ్లు మండుతోంది. కాస్త పక్కకి జరిగి చూడండి. క్యాంటీన్‌లో ఎలా ఉంటున్నాడు? పక్క సెక్షన్ వాళ్లతో ఎలా మాట్లాడుతున్నాడు? అందరితోనూ అంతే అయితే అది ఆయన తీరు. మీ ఒక్కరితోనే అయితే కూర్చుని మాట్లాడాల్సిన సంగతి ఏదో ఉంది. అలా కాక, మూడు ఆఫీసులు మారినా ప్రతి మేనేజరూ మిమ్మల్నే చిన్నచూపు చూస్తున్నట్టు అనిపిస్తోందా? అయితే చుక్క చిప్‌లో ఉందేమో చూసుకోవాలి. వినడానికి చేదుగానే ఉంటుంది.

సామాను మీద అనుమానం తీరాక దారినపోయేవాళ్ల మీదికి మళ్లుతుంది. సౌరకుటుంబంలో లక్షల సంఖ్యలో గ్రహశకలాలు తిరుగుతున్నాయి. వాటిలో ఏదో ఒకటి సరిగ్గా ఆ గెలాక్సీకి అడ్డంగా వచ్చి నిలబడితే అచ్చం కొత్త నక్షత్రంలాగే ఉంటుంది. అరగంటో గంటో ఆగి మళ్లీ ఫొటో తీస్తే అది కొద్దిగా జరిగి దొరికిపోతుంది. సూపర్‌నోవా జరగదు. నిజం నిలకడ మీద తెలుస్తుందన్న మాటకి ఇంత అక్షరాలా సరిపోయే సందర్భం ఇంకోటి ఉండదేమో. ఇంతేకాక, ఆ సమయానికి ఆ దిక్కున తెలిసిన గ్రహశకలాలు ఏవైనా ఉన్నాయా అని మైనర్ ప్లానెట్ సెంటర్ వివరాల్లో వెతుకుతారు. 1950లలో పాలొమార్ కొండ మీది టెలిస్కోపు ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి పెట్టింది. ఆ పాత ఫొటోల్లో అక్కడేమైనా ఉందా? వెలుగు పెరిగి తరిగే మామూలు నక్షత్రమేమో? ఇవన్నీ అయ్యాక, అహానికి కాస్త కష్టంగా ఉండే ప్రశ్న ఒకటి మిగులుతుంది: నాకన్నా ముందు దీన్ని ఎవరైనా చూసి చెప్పేశారా?

ఇదంతా పెద్ద చదువులవాళ్లకే సాధ్యమనుకోకండి. 2011 జనవరి మొదట్లో కెనడాలో ఒక పదేళ్ల బాలిక, తండ్రి పక్కన కూర్చుని ఫొటోలు పోల్చి చూస్తూ ఎస్ఎన్ 2010ఎల్‌టీని పట్టుకుంది. గ్రహశకలం కాదని, పాత జాబితాల్లో లేదని తేల్చుకున్నాకే, వేరే ఔత్సాహికులు కూడా చూసి ఔనన్నాకే ప్రకటన వెలువడింది.

చివరి మెట్టు ఇంకొకరి కన్ను. ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1572 నవంబరు 11 సాయంత్రం ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహికి కాసియోపియా నక్షత్రరాశిలో ఎన్నడూ లేని నక్షత్రం కనిపించింది. ఆకాశం పటమంతా నోటికొచ్చిన మనిషి ఆయన. అయినా తన కళ్లను తాను నమ్మలేదు. వెంట ఉన్న పనివాళ్లను అడిగారు. అటుగా పోతున్న పల్లెజనాన్ని కూడా ఆపి, అక్కడ నక్షత్రం కనిపిస్తోందా అని అడిగారు. కనిపిస్తోందని వాళ్లన్నాకే ఆయనకు నమ్మకం కుదిరింది. కంటికి కనిపిస్తోందో లేదో చెప్పడానికి పాండిత్యం అక్కర్లేదని ఆ పండితుడికి తెలుసు. మన దగ్గర అనుభవం పెరిగిన కొద్దీ అడగడం తగ్గుతుంది. ‘ఇన్నేళ్ల సర్వీసు నాది’ అన్నాక ఇంక ఎవరు మాత్రం సరిదిద్దుతారు?

రెండో కన్ను మనిషిదే కానక్కర్లేదు. 2014 జనవరి 21న లండన్ విశ్వవిద్యాలయం అబ్జర్వేటరీలో స్టీవ్ ఫోసీ అనే అధ్యాపకుడు నలుగురు విద్యార్థులకు టెలిస్కోపు వాడటం నేర్పుతున్నారు. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఉన్న కాస్త సమయంలో ఎం82 గెలాక్సీ చూపిద్దామనుకున్నారు. చూస్తే, ఆయనకు గుర్తున్న ఎం82లో లేని నక్షత్రం ఒకటి ఉంది. మబ్బు మూసేసేలోగా ఇంకో టెలిస్కోపు తిప్పి దాంతోనూ ఫొటోలు తీశారు. వేరే అద్దం, వేరే కెమెరా, చుక్క మాత్రం అక్కడే. అది ఎస్ఎన్ 2014జే, తెల్ల మరుగుజ్జు పేలే రకం సూపర్‌నోవాల్లో కొన్ని దశాబ్దాలలో మనకు అత్యంత దగ్గరలో పేలినది. ఇందులో ఇంకో విశేషముంది. అంతకు వారం ముందు నుంచే ఆ చుక్క ఇతరుల ఫొటోల్లో పడి ఉంది. కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో సూపర్‌నోవాలు వెతకడానికే పెట్టిన యాంత్రిక టెలిస్కోపు కూడా దాన్ని ఫొటో తీసింది, గమనించలేదు. మన ఇళ్లలో ఫైళ్ల నిండా మెడికల్ రిపోర్టులుంటాయి. చదివినవి ఎన్ని?

అంగారకుణ్ణి కనిపెట్టిన మనిషి

తొందరపడితే ఏమవుతుంది? 2018 మార్చి 20న కేప్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ డన్స్‌బీ ధనూరాశిలో, రెండు నెబ్యులాల మధ్య అత్యంత ప్రకాశవంతమైన కొత్త వస్తువు కనిపించిందని, వెంటనే అందరూ చూడాలని ‘ఆస్ట్రానమర్స్ టెలిగ్రామ్’ అనే సర్వీసు ద్వారా లోకానికి తెలియజేశారు. ఆయన ఆషామాషీ మనిషి కాదు, విశ్వ నిర్మాణం మీద పనిచేసే ప్రొఫెసరు. పోలిక చూడకుండానూ చెప్పలేదు. మార్చి 8న తీసిన ఫొటోలో ఆ వస్తువు లేదు. ఆ రాత్రి పరిశీలించినంతసేపూ కనిపిస్తూనే ఉంది. చూడాల్సిన ఒక్కటి మాత్రం చూసుకోలేదు, గ్రహాలు ఆ రాత్రి ఎక్కడున్నాయన్నది. ఆయన కనిపెట్టింది అంగారకుణ్ణి.

గంట తిరక్కుండానే ఆయనే దిద్దుబాటు ప్రకటన పంపి, క్షమాపణ చెప్పారు. ఆ సర్వీసు నడిపేవాళ్లు అంగారకుణ్ణి కనిపెట్టినందుకు ఓ సర్టిఫికెట్ ఇచ్చి నవ్వుకున్నారు. ఆయనా నవ్వేశారు. ఆ ప్రకటన, దిద్దుబాటు రెండూ ఇప్పటికీ ఒకదాని పక్కన ఒకటి రికార్డులో ఉన్నాయి. ఈ ప్రొఫెసరు మీద నాకు గౌరవం పెరిగింది. తప్పు వార్త గ్రూపులో పెట్టి, ఎవరో పట్టుకున్నాక గుట్టుచప్పుడు కాకుండా డిలీట్ కొట్టి, మర్నాడు గుడ్ మార్నింగ్ పువ్వుతో తిరిగొచ్చేవాళ్లను రోజూ చూస్తున్నాం కదా. ఎంత గట్టిగా చెప్పామో దిద్దుబాటు కూడా అంతే గట్టిగా చెబితే జనం మరచిపోతారు. పైగా తర్వాతిసారి నమ్ముతారు.

చెప్పనివాళ్ల సంగతి

తొందరపాటుకి లోకం నవ్వుతుంది. చెప్పకపోవడాన్ని మాత్రం పద్ధతి అంటుంది, పెద్దరికం అంటుంది. నా ఉద్దేశంలో రెండోదాని నష్టమే ఎక్కువ, బయటికి కనిపించదు కాబట్టి.

1987 ఫిబ్రవరి సంగతి చూడండి. దాదాపు నాలుగు శతాబ్దాల తర్వాత ఉత్త కంటికి కనిపించేంత దగ్గరలో, పాలపుంతకు పక్కనే ఉన్న లార్జ్ మాగెలానిక్ క్లౌడ్ అనే చిన్న గెలాక్సీలో నక్షత్రం పేలింది. చిలీలోని లాస్ కంపానాస్ అబ్జర్వేటరీలో టెలిస్కోపు ఆపరేటరు ఆస్కార్ డుహాల్డే 24వ తేదీ రాత్రి పని మధ్యలో కాసేపు బయటికొచ్చి ఆకాశం వైపు చూశారు. అక్కడ ఉండకూడని చుక్క ఒకటి కనిపించింది. లోపలికొచ్చారు, పనిలో పడ్డారు, ఎవరికీ చెప్పలేదు. అదే కొండ మీద ఇంకో టెలిస్కోపుతో ఫొటో ప్లేటు తీసిన ఇయాన్ షెల్టన్ ప్లేటు కడిగి చూసి, అది ప్లేటు మీది మచ్చేమో అనుకున్నారు. ఆరుబయటికి నడిచి తలెత్తి చూశారు. చుక్క ఆకాశంలోనే ఉంది. ఆయన లోపలికొచ్చి అడిగితే, నేనూ చూశానన్నారు డుహాల్డే. ఎస్ఎన్ 1987ఏ ఆవిష్కర్తల్లో మొదటి పేరు షెల్టన్‌దే. డుహాల్డే పేరు కూడా చేర్చారు, న్యాయంగానే. అంతకు ముందు రోజే ఆస్ట్రేలియాలో రాబర్ట్ మెక్‌నాట్ తీసిన ఫొటోల్లో కూడా ఆ చుక్క పడింది. ఆయన వాటిని పరిశీలించేసరికి వార్త వచ్చేసింది.

ఇదే కథలో న్యూజిలాండ్‌కు చెందిన ఆల్బర్ట్ జోన్స్ అనే ఔత్సాహికుడున్నారు. జీవితకాలంలో 5 లక్షలకు పైగా నక్షత్ర ప్రకాశ పరిశీలనలు రాసిపెట్టిన మనిషి. ఆయనకూ 24న చుక్క విడిగా కనిపించింది, వెంటనే తెలియజేశారు. అంతకన్నా గొప్ప పని ముందు రోజు చేశారు. 23న అటువైపు నక్షత్రాలను చూస్తూ, మామూలుగా ఉన్నవే తప్ప ఏమీ లేదని నమోదు చేసుకున్నారు. దానికి సుమారు రెండు గంటల ముందే జపాన్, అమెరికాల్లోని భూగర్భ పరికరాలు ఆ నక్షత్రం గర్భం కూలినప్పుడు వెలువడిన న్యూట్రినోలనే కణాలను పట్టుకున్నాయి. జోన్స్ చూసిన సుమారు గంట తర్వాత మెక్‌నాట్ ఫొటోలో వెలుగు ఉంది. అంటే నక్షత్రం లోపల గర్భం కూలడానికీ, వెలుగు పైకి తన్నుకురావడానికీ మధ్య ఎంత వ్యవధి ఉందో లెక్కకట్టేందుకు జోన్స్ రాసుకున్న ‘ఏమీ లేదు’ ఒక గట్టి ఆధారమైంది. ‘ఈ వారం తనిఖీ చేశాను, అంతా సక్రమంగా ఉంది’ అని ఒక్క ముక్క రిజిస్టరులో రాయడానికి బద్ధకించే వాచ్‌మన్ నుంచి ఇంజినీరు దాకా అందరికీ ఈయన కథ చెప్పాలి.

ఎలా చెప్పాలి

ఇప్పుడు కొత్త చుక్కలను ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్ అనే వ్యవస్థకు తెలియజేస్తారు. 2016 నుంచి అంతర్జాతీయ ఖగోళ సంఘం తరఫున అధికారికంగా పేర్లు పెట్టేది అక్కడే. మీ చుక్కకి మొదట వచ్చే పేరు ‘ఏటీ’తో మొదలవుతుంది. కనిపించింది, ఇంకా ఏమిటో తేలలేదు అని దాని భావం. ఎవరో ఒకరు పెద్ద టెలిస్కోపుతో దాని కాంతిని విడగొట్టి, స్పెక్ట్రం చూసి, ఇది ఫలానా రకం సూపర్‌నోవా అని తేల్చాకే ‘ఏటీ’ పోయి ‘ఎస్ఎన్’ వస్తుంది. 2023 మే 19న జపాన్‌లోని యమగతా నగరానికి చెందిన కోయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీలో చుక్కను చూసి పంపారు. 170కి పైగా సూపర్‌నోవాలు పట్టిన చెయ్యి ఆయనది. అయినా ఆయన చుక్క కూడా మొదట ఏటీ 2023ఐఎక్స్ఎఫ్‌గానే నమోదైంది. కొన్ని గంటల్లోనే కెనరీ దీవుల్లోని లివర్‌పూల్ టెలిస్కోపు స్పెక్ట్రం తీసింది, పేరు మారింది.

అనుమానాన్ని అనుమానంగానే చెప్పే వీలున్న ఈ ఏర్పాటు మన మాటతీరులో లేకపోవడం పెద్ద లోటు. అయితే ‘వాడు దొంగ’ అంటాం, లేకపోతే నోరు మూసుకుంటాం. ‘మూడు వోచర్లకు బిల్లులు కనబడటం లేదు, కారణం నాకు తెలియదు, మీరొకసారి చూడండి’ అని మధ్యలో ఒక వాక్యముంది. ఆ వాక్యం పలకడం నేర్చుకుంటే సగం భయం పోతుంది. రుజువు చేయాల్సిన బరువంతా మీ ఒక్కరి నెత్తిన ఉండదు. చూసినవాడే తీర్పు చెప్పనక్కర్లేదు. లద్దాఖ్‌లోని హాన్లేలో మన హిమాలయన్ చంద్ర టెలిస్కోపుతో పనిచేసే శాస్త్రవేత్తలు ఇలా ఎవరెవరో చూసి చెప్పిన చుక్కల స్పెక్ట్రాలే తీస్తుంటారు. చూసినవాడి పని వాడిది, తేల్చేవాళ్ల పని వాళ్లది.

తేలని అనుమానాలనూ పారేయకండి. ఇదే ఇటగాకి 2006 అక్టోబరులో ఒక సూపర్‌నోవా పట్టుకున్నారు. సరిగ్గా అదే చోట రెండేళ్ల కిందట, 2004లో, మసకగా ఒక వెలుగు వచ్చి కొద్ది రోజుల్లో ఆరిపోయినట్టు ఆయన పాత ఫొటోల్లో నమోదై ఉంది. ఒక నక్షత్రం చనిపోయే ముందు ఇలా ఒకసారి ఎగసిపడగలదని శాస్త్రవేత్తలకు ఆధారం దొరికింది అందులోంచే.

సరంజామా లేదనకండి

ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్ ఎవాన్స్ చర్చిలో పాస్టర్. ఆయన కంప్యూటరు వాడలేదు. పెరట్లో పది అంగుళాల టెలిస్కోపు పెట్టుకుని కంటితో చూసేవారు. దాదాపు 1500 గెలాక్సీల చుట్టూ ఏ నక్షత్రం ఎక్కడుంటుందో ఆయనకు కంఠస్థం. 1950లలోనే వెతకడం మొదలుపెట్టిన ఆయనకు అధికారికంగా తొలి విజయం 1981లో వచ్చింది. 2022లో కన్నుమూసేనాటికి 40కి పైగా సూపర్‌నోవాలు ఆయన ఖాతాలో ఉన్నాయి. ఇంకొకరికి పటాలు తెరిచి పోల్చుకోవడానికి పట్టే సమయం ఆయనకు పట్టేది కాదు. నిదానమంతా ముందే, ఏళ్ల తరబడి, ఖర్చుపెట్టేశారు కాబట్టి ఆ క్షణంలో వేగంగా ఉండగలిగారు. మొదట చెప్పిన రెండు సామెతలకూ రాజీ కుదిరేది ఇలాగే అనుకుంటాను.

మన దేశంలో రాధాగోబింద చంద్ర కథ కూడా ఇలాంటిదే. అవిభక్త బెంగాల్‌లోని జెస్సోర్‌లో ట్రెజరీ గుమస్తా. ఎంట్రన్స్ పరీక్ష పదే పదే తప్పిన మనిషి. నక్షత్రాల ప్రకాశాన్ని ఏళ్ల తరబడి రాసి అమెరికాలోని పరిశీలకుల సంఘానికి పంపిన నమోదులు 37 వేలకు పైగా. ఆయన కృషి చూసి వాళ్లు ఆయనకు ఆరంగుళాల టెలిస్కోపు అరువుగా పంపించారు. మన విశాఖపట్నంలో 1840లోనే గొడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, సూర్యబింబానికి అడ్డంగా బుధుడు, శుక్రుడు దాటిపోయిన ఘట్టాలను లెక్కలతో సహా నమోదు చేశారు. జమీందారీ ఉంటే ఎవరైనా కడతారంటారేమో. జమీందారీలు చాలామందికి ఉండేవి.

యంత్రాలు వచ్చేశాయి కదా, ఇంకా మనిషెందుకు అనేవాళ్లుంటారు. నిజమే, ఇప్పుడు కొత్త చుక్కల్లో అత్యధికం ఆకాశాన్ని జల్లెడపట్టే రోబో టెలిస్కోపులకే దొరుకుతున్నాయి. చిలీలో 2025లో కళ్లు తెరిచిన రూబిన్ అబ్జర్వేటరీ ఈ జోరు ఇంకా పెంచుతుంది. అయినా ఆ రాత్రి ఆ గంటలో రొసారియో నుంచి చూసింది ఒక తాళాలాయనే.

ఆకాశం మీద మీకూ మనసుంటే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో ఖాతా తెరవడానికి ఖగోళ శాస్త్రంలో పట్టా అక్కర్లేదు. రిపోర్టులో అడిగేవి కొన్నే: ఎక్కడ, ఏ సమయానికి, ఎంత వెలుగుతో, ఏ పరికరంతో చూశారు? వాటితోపాటు ఆ చోటు చివరిసారి ఖాళీగా ఎప్పుడు కనిపించిందని కూడా అడుగుతారు. ‘ఎప్పట్నుంచో ఇలాగే ఉందండీ’ అంటే కుదరదు. ఆఫీసులో, ఇంట్లో, కాలనీలో ఏ ఫిర్యాదు రాయబోతున్నా ఈ చివరి గడి నింపగలరేమో చూసుకోండి. నింపలేకపోతే ఇవాళే ఒక నోటుబుక్కు కొని తేదీ వేయండి. నింపగలిగితే మాత్రం రేపటిదాకా ఆగకండి, చెప్పేయండి.